పైన ఒకడు

2014 ఆగస్టు 23, శనివారం. మధ్యాహ్నం రెండున్నర. సిటీలోని పెద్ద థియేటర్‌లో రిహార్సల్.

హాజరైనవారు:
1. శేషు. డైరెక్టరు, రాజు వేషం.
2. పద్మజ. రాణి వేషం.
3. రామ్మోహన్. మంత్రి వేషం.
4. కిరణ్. భటుడు.
5. ఫణి. భటుడు.
6. సుబ్బారావు గారు. హార్మోనియం.
7. నేను. విజిల్.
8. పైన ఒకడు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా ఉంటుంది. ఏడో వరస దాకా నల్ల సిరా, అక్షరాలు తిన్నగా ఉంటాయి. ఎనిమిదో వరస నీలం సిరా, అక్షరాలు వంకర. ఏడు వరసలూ ఆ రోజు సాయంత్రం ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని రాసినవి. ఎనిమిదోది మరునాడు ఉదయం నిలబడి రాసింది.

రైల్వేలో ముప్ఫై మూడేళ్ళు గార్డుగా చేశాను. మొదట గూడ్సు, తర్వాత పాసింజరు. డ్యూటీలో ఏం జరిగినా టైముతో సహా రాయడం అప్పుడు అలవాటైంది, రిటైరయ్యాక కూడా పోలేదు. దేశం దాటి అమ్మాయి ఉండే పేట పాపటోయిటోయి వచ్చేశాక కూడా రోజుకొక పేజీ రాస్తూనే ఉన్నాను. రాసింది దిద్దను, కొట్టెయ్యను. మర్నాడు గుర్తొచ్చిన విషయం మర్నాటి పేజీలోనే రాస్తాను. ఆ నియమం తప్పింది ఆ ఒక్క పేజీలో, ఆ ఒక్క వరసకి.

ఆ వరసలో ఉన్న మనిషి పోయిన నెల చనిపోయాడు.

అంత్యక్రియల హాల్లో అందరం వరసగా వెళ్ళి పువ్వులు వేశాం. నా వంతు వచ్చినప్పుడు ఆయన ముఖం చూడటానికి ముందు నేను తల పైకెత్తి కప్పు చూశాను. సరిగ్గా ఆయన తలకి ఎదురుగా ఒక గుండ్రటి దీపం. నాలుగు స్క్రూలు. నాలుగూ బిగించే ఉన్నాయి. అప్పుడు పువ్వు వేశాను.

కారులో వస్తూ మా అమ్మాయి అడిగింది. "నాన్నా, అక్కడ పైకి ఏం చూశావు? అందరూ నిన్నే చూశారు."

"అలవాటు."

"గుళ్ళో కూడా అంతే, రెస్టారెంట్లో కూడా అంతే. ఎప్పటి నుంచి నీకీ అలవాటు?"

తేదీ చెప్పగలను. చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

*

ఆయన్ని మొదటిసారి చూసింది పాపటోయిటోయిలోని ఇండియన్ షాపులో. నేను కందిపప్పు పొట్లం మీద తేదీ చదువుతూ నిలబడ్డాను. ఎవరో నా స్వెట్టర్ మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగారు.

"భయ్యా, ఇటు రా. ఆడ నిలబడకు."

తిరిగి చూస్తే పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. అరవై దాటి ఉంటాయి. కళ్ళజోడు మెడలోని తాడుకి వేలాడుతోంది. చొక్కా జేబు చదునుగా ఉంది, అందులో ఏమీ లేదు.

"ఏమైంది?" అన్నాను.

"పైనేటుందో సూసావా?"

చూశాను. దీపావళి సేల్ బోర్డు, దాని అడుగున ఇనుప కడ్డీ. దాన్ని రెండు ప్లాస్టిక్ రిబ్బన్లతో కప్పుకి కట్టారు. ఒక రిబ్బను సగం తెగి ఉంది. కౌంటర్లో అమ్మాయి ఫోన్‌లో మాట్లాడుకుంటోంది.

"తలకాయ ఒకటే ఇస్తారు," అన్నాడాయన. కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఆ అమ్మాయికి కూడా ఆ మాటే హిందీలో చెప్పాడు.

ప్రాణం కాపాడినందుకు థాంక్స్ చెప్పాల్సింది. నాకు మాత్రం ముందు కోపం వచ్చింది. నన్ను 'నువ్వు' అన్నాడు. నా తలంతా తెల్లగా ఉంది. మనవరాలి వయసు పిల్లలు కూడా ఇక్కడ అంకుల్ అంటారు. ముక్కూ మొహం తెలియని మనిషి 'సూసావా' అంటాడేమిటి?

తర్వాత తెలిసింది, ఆయన తెలుగులో 'మీరు' లేదు. ఆయన పుట్టింది ఫిజీలో. ఆయన నాయనమ్మని విజయనగరం వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఓడలో తీసుకెళ్ళారు. ఆవిణ్ణి ఆయన 'ఆజీ' అనేవాడు. ఆవిడ ఒడిలో నేర్చుకున్న తెలుగు అది. తోటలో ఒకరినొకరు పిలుచుకునే తెలుగు. అందులో అందరూ నువ్వే. దేవుడు కూడా నువ్వే. మా తెలుగు సంఘంలో కొందరు చివరిదాకా దీన్ని క్షమించలేదు.

ఆయనకి ఇంగ్లిష్ బాగా వచ్చు, ఫిజీ హిందీ బాగా వచ్చు. తెలుగు మాత్రం ఎవరూ దొరక్క దాచిపెట్టుకున్న వస్తువులా ఉండేది. నేను దొరికాక వారానికొకసారి మా ఇంటికి వచ్చేవాడు. వచ్చి గుమ్మంలోనే నిలబడి కప్పు మొత్తం ఒకసారి చూసేవాడు. హాల్లో మా అల్లుడు పెట్టిన వేలాడే దీపం కింద ఉన్న సోఫాలో ఎప్పుడూ కూర్చోలేదు. గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకునేవాడు. గుళ్ళో గంట కింద నిలబడేవాడు కాడు, పక్క నుంచి చెయ్యి చాపి కొట్టేవాడు. ట్రైన్‌లో ముందు సామాన్ల అర చూసి, తర్వాత సీటు చూసుకునేవాడు.

ఆయన దగ్గర కింద పడగలిగే వస్తువు ఏదైనా తాడుతో కట్టి ఉండేది. కళ్ళజోడుకి తాడు. పెన్నుకి తాడు. తాళంచెవికి, ఫోనుకి తాడు. ఒకసారి వాళ్ళింటికి వెళ్తే వంటింట్లో గరిటెకి కూడా తాడు ఉంది. నేను దాన్నే చూస్తున్నానని గమనించి ఆయన భార్య నవ్వింది.

"పెళ్ళైన కొత్తలో నన్ను కూడా కట్టేస్తాడనుకున్నాను భయ్యా," అంది హిందీలో. "నేను పడితే ఆయన మీదే పడతానని తెలుసుకుని వదిలేశాడు."

ఆయన నవ్వలేదు. కప్పు చూస్తున్నాడు.

*

ఆయన పని చేసింది సిటీలోని పెద్ద థియేటర్‌లో. దేశం మొత్తానికి అదే పెద్ద నాటకశాల అని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. దాని పేరు రాయను, ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి అక్కర్లేదు కూడా. ముందు రాతి మెట్లు, పైన పచ్చబడిన రాగి గుమ్మటం. టూరిస్టు బస్సులు అక్కడ ఒక నిమిషం ఆగుతాయి. కొత్త పెళ్ళికూతుళ్ళు ఆ మెట్ల మీద ఫోటోలు దిగుతారు. ఇండియా నుంచి ఎవరు వచ్చినా మా అల్లుడు ముందు దాన్నే చూపిస్తాడు.

ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఆయన ఆ మెట్లు ఒక్కసారి కూడా ఎక్కలేదు. వెనక సందులో ఒక చిన్న తలుపుంది, ఆయన దారి అది.

ఒక రోజు మధ్యాహ్నం నన్ను ఆ తలుపు లోంచి తీసుకెళ్ళాడు. తలుపు దగ్గరే ఒక ట్రే పెట్టి, జేబులు ఖాళీ చెయ్యమన్నాడు. చిల్లర, రుమాలు, తాళాలు, నస్యం డబ్బీ. నా డైరీ మాత్రం ఇవ్వనన్నాను. దానికి తాడు కట్టి నా మెడలో వేశాడు. ఇనుప నిచ్చెన మెట్లు ఎక్కాం. నలభై ఎనిమిది లెక్కపెట్టాను.

పైన గోడ వెంట సన్నటి ఇనుప వసారా. ఒక పక్క వరసగా తాళ్ళు, నా మణికట్టంత లావు. ప్రతి తాడుకీ ఒక ఇనుప బిగింపు, దాని మీద నంబరు. ఆ తాళ్ళ అవతల చీకట్లో పొడవాటి ఇనుప గొట్టాలు. ఒక్కొక్కదాని మీద తెరలు, దీపాలు, పాత నాటకాల కిటికీలు, చెట్లు. అవన్నీ స్టేజి మీద నిలబడేవాళ్ళ తలలకి సరిగ్గా పైన గాల్లో వేలాడుతున్నాయి. తాడు ఒకవైపు లాగితే గొట్టం దిగుతుంది, ఇంకోవైపు లాగితే లేస్తుంది. గొట్టం బరువుకి సరితూగేలా గోడ పక్కన ఇనుప దిమ్మెలు పేర్చి ఉంటాయి.

"ఎంత బరువుంటుంది?" అన్నాను.

"మనిషి సావడానికి ఎంత కావాలో అంతకంటే ఎక్కువ."

కిందికి చూశాను. స్టేజి చిన్న అగ్గిపెట్టెలా ఉంది. ఒకావిడ చీపురుతో ఊడుస్తోంది. నా కాళ్ళ కింద ఇనుప జాలీలోంచి ఆవిడ పాపిడి కనిపించింది. పక్కనున్న కడ్డీ పట్టుకున్నాను. రైల్లో ఎన్ని వంతెనలు దాటానో. అప్పుడు నా కింద ఎవరూ ఉండేవారు కాదు.

"నాను పెద్దపెద్దోళ్ళందర్నీ సూసినాను," అన్నాడు. "పాటగాళ్ళు, డాన్సు ఆడేవోళ్ళు. మొహాలు తెలీవు. నడినెత్తులే. బయట టోపీ తీస్తే గుర్తుపడతాను."

జోక్ అనుకుని నవ్వాను. జోక్ కాదు.

"ముందు నుంచి ఒక్క నాటకం కూడా చూడలేదా?"

"కుర్సీలో కూసుంటే సెయ్యి ఏ తాడు మీద పెట్టాల?"

అక్కడే ఆయన తన మొదటి సంవత్సరం సంగతి చెప్పాడు. అప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ఫిజీ నుంచి కొత్తగా వచ్చి స్టేజి ఊడ్చే పనిలో చేరాడు. పైన తాళ్ళ దగ్గర ఒక ముసలాయన ఉండేవాడు, ఓడల్లో తెరచాపలు కట్టి వచ్చినవాడు. ఓడల్లో తాడు వదలమని ఈల వేసి చెప్పేవారట. థియేటర్లలో తాళ్ళ పనికి మొదట వచ్చింది అలాంటివాళ్ళే. అందుకే ఏ థియేటర్ లోపలా ఈల వెయ్యకూడదు. ఇది ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఒక పొద్దున ఊడుస్తూ ఊడుస్తూ ఆజీ పాట ఒకటి ఈల వేశాడు. పైన ముసలాయన చెయ్యి తాడు వదిలింది. గొట్టం వచ్చి పక్కన పనిచేస్తున్న మనిషి భుజం మీద పడింది.

"బతికినాడు. ఆ సెయ్యి మళ్ళీ పైకి లెగనేదు."

"మరి మిమ్మల్ని ఏం చేశారు?"

"నన్నేటి సెయ్యలేదు. ముసలోడు 'నా సెయ్యి జారింది' అన్నాడు. ఈల మాటే ఎత్తలేదు. ఆణ్ణి తీసేసినారు. నన్ను ఆడి తాళ్ళ కాడికి పంపినారు."

పక్కనున్న ఆరో నంబరు తాడు బిగింపుని తడిమి చూశాడు. అప్పటికే రెండుసార్లు చూశాడు.

"భయ్యా, మీవోళ్ళు నాటకం ఆడితే సెప్పు. ఈల ఎయ్యొద్దని సెప్పు. అదొక్కటే."

ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను: 'థియేటర్‌లో ఈల నిషేధం. అందరికీ చెప్పాలి.' కింద గీత గీశాను.

*

మా తెలుగు సంఘానికి ఆ స్టేజి దొరకడానికి ఆరేళ్ళు పట్టింది. పాపకూరలో స్కూలు హాలు, శాండ్రింగ్‌హామ్‌లో చర్చి హాలు, ఇవే అప్పటిదాకా మా నాటకశాలలు. ఆదివారం సాయంత్రం గంటన్నర ఇచ్చారు. శేషు బ్యాంకులో ఐటీ ఉద్యోగి, తెనాలి మనిషి, పద్యమంటే ప్రాణం. సొంతంగా ఒక రాజసభ ఘట్టం రాసుకున్నాడు, పద్యాలతో సహా. రాజసభ బొమ్మ ఉన్న పెద్ద తెర ఇండియాలో వేయించి తెప్పించాడు.

మన నాటకాల్లో విజిల్ ఎందుకో తెలిసినవాళ్ళకి తెలుసు. తెర లేచే ముందు విజిల్ పడుతుంది. విజిల్ పడగానే స్టేజి మీద ఉన్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా నిలబడిపోవాలి. శేషుకి అది కావాలి. అది లేకపోతే పద్యనాటకం కాదంటాడు.

"అంకుల్, విజిల్ మీరే. మీకంటే బాగా ఊదేవాళ్ళు ఈ దేశంలో లేరు."

నా సర్వీసు విజిల్ నా దగ్గరే ఉంది. ఇత్తడిది. ముప్ఫై మూడేళ్ళు దాన్ని ఊదితే ఒకటే అర్థం. అంతా క్షేమం, బయల్దేరవచ్చు.

ఈల సంగతి మర్చిపోయానా? లేదు. అదే నేను ఈ రోజుకీ ఎవరికీ చెప్పుకోలేనిది. నేను మర్చిపోలేదు. సంఘం వాట్సాప్ గ్రూపులో నేనే పెట్టాను: 'థియేటర్‌లో ఎవరూ ఈల వేయరాదు. పిల్లలకి కూడా చెప్పండి.' సినిమా హాల్లో హీరో రాగానే నోట్లో వేళ్ళు పెట్టుకుని వేసేది ఈల. గుంపులో పనిలేనివాడు వేసేది ఈల. నేను ఊదేది విజిల్. అది డ్యూటీ. రెండూ ఒకటని నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు.

శనివారం రిహార్సల్. ముందు వరసల్లో మా కుటుంబాలవాళ్ళు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. స్టేజి మేనేజర్ పొడవాటి కివీ ఆవిడ, చెవికి మైకు. రాజసభ తెర దించుతున్నారు, స్టేజి ఖాళీ చెయ్యండి అని చెప్పింది. అందరం పక్కకి వచ్చాం. ఆవిడకేదో ఫోన్ వచ్చి తలుపు అవతలికి వెళ్ళింది.

తెర మెల్లగా దిగుతోంది. మా తెర వాళ్ళ లెక్కకంటే కొంచెం బరువు ఎక్కువ, చేత్తో పట్టి ఆపుకుంటూ దించాలని, పైన ఆ తాడు పట్టుకున్న ఆయన తర్వాత చెప్పాడు. అప్పుడు మాకేం తెలుసు? సగం దిగిన తెర మీద బంగారు రంగు స్తంభాలు కనిపించేసరికి శేషుకి ఆగలేదు.

"రండి రండి, ఒక్క ఫోటో! నేషనల్ స్టేజి మీద మనం! పద్మజా, కిరీటం సరిచేసుకో. సుబ్బారావు గారూ, మీరూ రండి. అంకుల్, అందరం నిలబడగానే విజిల్ కొట్టండి."

"ఆవిడ బయట నిలబడమంది కదా?" అన్నాను.

"రెండు సెకన్లు అంకుల్! ఆవిడొచ్చేలోగా అయిపోతుంది."

ఆరుగురూ మధ్యలోకి వెళ్ళారు. రాజు, రాణి, మంత్రి, ఇద్దరు భటులు, పక్కన హార్మోనియం సుబ్బారావు గారు. నేను పక్క తెర దగ్గర నిలబడ్డాను. గార్డు విజిల్ ఊదేముందు రెండువైపులా చూడాలి. ఎడమవైపు చూశాను. అందరూ స్థానాల్లో ఉన్నారు. కుడివైపు చూశాను. అడ్డం ఎవరూ లేరు. రైలుకి పైన చూడాల్సిన పని ఉండదు.

ఊదాను.

ఆరుగురూ బొమ్మలైపోయారు. అదే కదా విజిల్ అర్థం.

పైన ఏదో బుస్సుమంది. తాడు ఇనుము మీద జారే చప్పుడు. అలాంటిది నేనెప్పుడూ వినలేదు, కానీ వినగానే అర్థమైంది. రాజసభ మొత్తం, స్తంభాలూ సింహాసనమూ కలిసి, వాళ్ళ మీదికి వస్తోంది. తెర మడతలు కిందపడి కుప్ప అవుతున్నాయి. దాని వెనక గొట్టం. నేను అరవాలి. విజిల్ నోట్లోనే ఉంది. పళ్ళ మధ్య బిగుసుకుపోయింది. నా ఊపిరి అందులోంచే సన్నగా పోతోంది. వాళ్ళు కదలడం లేదు. పద్మజ చిరునవ్వుతో కళ్ళు ఆర్పకుండా ఫోన్ల వైపు చూస్తోంది.

గొట్టం ఆగింది.

పద్మజ కిరీటానికీ దానికీ మధ్య మూరెడు ఖాళీ. గొట్టం అటూ ఇటూ ఊగుతోంది. దుమ్ము రాలి శేషు భుజాల మీద పడింది.

ముందు వరసలవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత చప్పట్లు. అద్భుతమైన ఎఫెక్ట్ అనుకున్నారు. వెనక నుంచి ఎవరో ఉత్సాహంగా అరిచారు.

"వన్స్ మోర్!"

ఇంకో ఇద్దరు అందుకున్నారు. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

స్టేజి మేనేజర్ పరుగెత్తుకొచ్చింది. ఆవిడ ముఖం చూశాక చప్పట్లు ఆగిపోయాయి. అందర్నీ బయటికి తోసేసి, తల పైకెత్తి అడిగింది. ఏం జరిగింది?

పైన చీకట్లోంచి ఆయన గొంతు వినపడింది. ఇంగ్లిష్‌లో, నెమ్మదిగా.

"మై హ్యాండ్ స్లిప్డ్."

మూడే మాటలు. అవి ఎవరి మాటలో ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు. విజిల్ తీసి జేబులో వేసుకున్నాను.

ఆయన్ని కిందికి దించినప్పుడు రెండు చేతులూ చాతీకి ఆనించుకుని ఉన్నాడు. కుడిచేతి తోలు గ్లవ్ తాడు రాపిడికి అరిగి చిరిగిపోయింది. ఎడమచేతికి గ్లవ్ లేదు. కళ్ళజోడు తుడుచుకోవడానికి తీశాడట. ఆ అరచేతిని నేను చూశాను. దాని గురించి రాయను. నన్ను దాటి వెళ్తూ నా వైపు చూడలేదు. తలుపు దాటేముందు మాత్రం ఎప్పటిలాగే ఒకసారి పైకి చూశాడు.

శేషు నా చెవి దగ్గరికి వచ్చాడు. "అంకుల్, ఇప్పుడేమీ మాట్లాడకండి ప్లీజ్. రేపు షో. మళ్ళీ మనకి ఈ గుమ్మం తెరవరు. ఆయనే ఒప్పుకున్నాడు కదా."

ఆ సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని డైరీ తెరిచాను. ఏడుగురి పేర్లు రాశాను. పేజీ అడుగున ఇలా రాశాను: 'తెర కొంచెం వేగంగా దిగినది. ఎవరికీ దెబ్బలు తగలలేదు.' గార్డు రిపోర్టు మీద డ్రైవరు ఉద్యోగం ఆధారపడుతుంది. ముప్ఫై మూడేళ్ళలో నేను ఒక్క అబద్ధపు వాక్యం రాయలేదు. ఆ రోజు రెండు రాశాను. రాసింది కొట్టెయ్యను కాబట్టి అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఆయనకి ఇంకా నాలుగు నెలల సర్వీసుంది. చెయ్యి జారే మనిషిని ఎవరూ తాళ్ళ దగ్గర ఉంచరు. ఆ సంగతి ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? పడుకున్నాను. కప్పు మీద వేలాడే దీపం లేదు, ఫ్యాను లేదు. అయినా మంచం గోడ వైపు జరుపుకున్నాను.

*

మర్నాడు ఆదివారం. డైరీ, విజిల్ తీసుకుని మొదటి ట్రైన్ ఎక్కాను. శేషుకి ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఆపుతాడు, ఆపితే ఆగిపోతానేమోనని భయం. వెనక సందులో తలుపు తట్టేసరికి ఎనిమిదీ పది.

చిన్న గది. బల్లకి ఒకవైపు స్టేజి మేనేజర్, ఎదురుగా ఆయన. రెండు చేతులకీ బాక్సర్లకున్నంత కట్లు. బల్ల మీద ఒక కాగితం, దాని పక్కన ఆయన నడుముకి వేలాడే రెంచీ, లాకర్ తాళంచెవి. రెండింటికీ తాళ్ళు అలాగే ఉన్నాయి.

నేను కూర్చోలేదు. విజిల్ తీసి బల్ల మీద పెట్టాను.

"ఆయన చెయ్యి ఊరికే జారలేదు," అన్నాను, నాకొచ్చిన ఇంగ్లిష్‌లో. "నేను ఇది ఊదాను. అందుకే జారింది."

ఆవిడ విజిల్ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "లోపల ఈల వెయ్యకూడదని మీకు తెలుసా?"

"తెలుసు. నేనే అందరికీ చెప్పాను."

"మరి?"

ఇంగ్లిష్‌లో రెంటికీ ఒకటే మాట. ఆవిడకి ఎలా చెప్పను? నోటితో వేసేది వేరు, ఇది వేరు, మా భాషలో రెండు మాటలున్నాయి అంటూ తడబడ్డాను. చెప్తుంటే నాకే సిగ్గేసింది. అప్పుడు ఒక చప్పుడు వినపడింది. ఆయన నవ్వుతున్నాడు. అంతకు ముందు ఆయన నవ్వగా నేను చూడలేదు.

"భయ్యా," అన్నాడు తెలుగులో, "మా ఆజీకి విజిల్ తెలీదు. ఆవిడ తెలుగులో ఏదైనా ఈలే."

"నేను అడగాల్సింది," అన్నాను.

"నువ్వెందుకొచ్చావు? నాను సెప్పేసినాను కదా. అయిపోయింది."

"అవ్వలేదు."

స్టేజి మేనేజర్ నవ్వలేదు. ఆ కాగితం తిప్పి, వెనకవైపు నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. టైము అడిగింది, చెప్పాను. వాళ్ళంతా మళ్ళీ స్టేజి మీదికి ఎందుకొచ్చారని అడిగింది, అదీ చెప్పాను. తాను ఫోన్ కోసం బయటికి వెళ్ళానని కూడా కింద ఒక వరస రాసింది. విజిల్ తన డ్రాయర్‌లో వేసుకుంది. తాళంచెవిని మాత్రం ఆయన వైపు జరిపింది. మిగతాది సోమవారం పైవాళ్ళు తేలుస్తారని చెప్పింది.

తేలిందేమిటో ఇక్కడే చెప్పేస్తాను. డిసెంబరులో ఆయన తన తేదీకే, తన తాళ్ళ దగ్గరి నుంచే రిటైరయ్యాడు. కానీ ఆ ఉదయం మా ఇద్దరిలో ఎవరికీ అది తెలియదు. సాయంత్రం మా నాటకం ఉంటుందో లేదో కూడా తెలియదు.

"రా," అన్నాడు.

ఖాళీ స్టేజి మీదికి తీసుకెళ్ళాడు. నిన్న పద్మజ నిలబడిన చోట నన్ను నిలబెట్టాడు.

"ఇప్పుడు సూడు."

తల ఎత్తాను. మెడ నొప్పెట్టేదాకా ఎత్తాను. చీకట్లో ఒకదాని వెనక ఒకటి గొట్టాలు. వాటి మధ్యలో మా రాజసభ చుట్టగా చుట్టుకుని వేలాడుతోంది. అన్నీ నా నడినెత్తికే గురిపెట్టి ఉన్నట్టు ఉన్నాయి. పైన ఆ ఇనుప వసారాలో ఎవరూ లేరు. తాళ్ళు వాటంతట అవే వేలాడుతున్నాయి. పక్కకి తప్పుకోబోతే ఆయన మోచేత్తో ఆపాడు.

"నిన్న ఆ పుస్తకంలో ఎందర్ని రాసినావు?"

"ఏడుగురిని."

"నన్నూ?"

తల అడ్డంగా ఊపాను. రైల్వేలో ఎంతమంది ఉన్నారో సరిగ్గా చూసుకోకుండా నేనెప్పుడూ విజిల్ ఊదలేదు.

డైరీ తెరిచాను. నా పెన్ను మళ్ళీ తలుపు దగ్గరి ట్రేలోనే వదిలేశాను. ఆయన మెడ వంచి, తాడుకి వేలాడుతున్న తన పెన్ను చూపించాడు. కట్లున్న చేతులతో తియ్యలేడు. తాడు విప్పకుండానే పెన్ను అందుకున్నాను. ఇద్దరం బాగా దగ్గరగా నిలబడాల్సి వచ్చింది.

"పేరు ఎలా రాయాలి?" అన్నాను.

"పేరొద్దు. పేరు రాస్తే నాను పోయినాక ఆ వరస కొట్టేస్తావు. పైనొకడున్నాడని రాయి. ఎప్పుడు సదివినా పైకి సూస్తావు."

ఆయన కట్ల చేతులు రెండూ చాపి, వాటి మీద డైరీ పెట్టించుకున్నాడు. నేను ఎనిమిది అంకె వేశాను. ఆ కట్ల మీద పుస్తకం ఊగి అక్షరాలు వంకర పోయాయి. నేను రాయడం అయ్యేదాకా ఆయన పుస్తకం వైపు చూడలేదు, నా తల మీదున్న గొట్టం వైపే చూస్తూ నిలబడ్డాడు.